చెక్ చిన్నారులకు ఆటల్లో ఇంగ్లీషు: బడి చెప్పుల దగ్గర్నుంచి చేపల తొట్టి దాకా

మొదటి రోజు క్లాసులో నాలుగేళ్ల పాప ముందు ఎర్ర బంతి పెట్టి "డు యూ వాంట్ ద రెడ్ వన్?" అని అడిగాను. పాప తల ఊపుతూ "నో, నో" అంది. వద్దంటోంది కదా అని బంతి పక్క పిల్లాడికి ఇచ్చేశాను. ఏడుపు లంకించుకుంది. అక్కడి టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ వచ్చి చెప్పింది. చెక్‌లో అవును అనడానికి "అనో" అంటారు, మాటల్లో అది అరిగిపోయి "నో" అవుతుంది. పాప పాపం అడిగింది బంతినే.

నేనుండేది చెక్ దేశంలోని బృనోలో. ఈ ఊరి పేరు దగ్గర మనవాళ్లు బర్నో, బ్రనో అని తంటాలు పడతారు కానీ తెలుగులో బృనో అని రాస్తే సరిగ్గా సరిపోతుంది. మనం "రు" అనేసే ఋకారం వీళ్ల నోట్లో ఇంకా అచ్చుగానే బతికుంది. ఇక్కడా ప్రాగ్‌లోనూ ఐటీ ఉద్యోగాల మీద వచ్చిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇంట్లో ఇద్దరిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు "మా పిల్లల బడిలో వారానికోసారి ఇంగ్లీషు ఆడిస్తారా?" అన్న పిలుపు వస్తుంది. ఒప్పుకునే ముందు నాకెవరైనా చెప్పుంటే బాగుండేదనిపించిన సంగతులు ఇవి.

ముందుగా: మీకు దొరికేది ఎంత?

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు వెళ్లే బడిని ఇక్కడ ష్కోల్కా అంటారు. 2017 సెప్టెంబరు నుంచి ఒకటో తరగతికి ముందు ఏడాది అందరికీ తప్పనిసరి. మామూలుగా ఒక గదికి 24 మంది దాకా ఉంటారు. చాలా చోట్ల మూడేళ్ల బుడ్డోడూ ఆరేళ్ల పెద్దమనిషీ ఒకే గదిలో ఉంటారు. ఇంగ్లీషుకు మీకిచ్చేది వారానికి ఒకసారి, అరగంటో నలభై నిమిషాలో. మధ్యాహ్నం నిద్ర తర్వాత పెట్టేవాళ్లే ఎక్కువ. అంటే కళ్లు నులుముకుంటున్న పిల్లలు మీ చేతికొస్తారు. వీలైతే పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో, చిరుతిండి అయ్యాక అడగండి. ఒకేసారి పది పన్నెండు మందికి మించి తీసుకోవద్దు. ఇరవై మందితో చేసేది ఇంగ్లీషు కాదు, ట్రాఫిక్ కంట్రోల్.

ఇంకో చిన్న సంగతి. గుమ్మంలోనే బూట్లు విప్పి, బచ్కోరి అనే ఇంటి చెప్పులు వేసుకోవాలి, మీరు కూడా. నేను మొదటి రోజు సాక్సులతో వెళ్లాను. పావుగంట పాటు పిల్లలు నా మొహం చూడలేదు, పాదాలే చూశారు. తర్వాత వారం నుంచి నా చెప్పులే నా మొదటి పాఠం అయ్యాయి: "మై స్లిప్పర్స్, యువర్ స్లిప్పర్స్."

ఇంటి దగ్గర సాయం ఉంటుందనుకోకండి. 1989 దాకా ఇక్కడి బడుల్లో రష్యన్ తప్పనిసరి, కాబట్టి సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే అమ్మమ్మ తాతయ్యల్లో చాలామందికి వచ్చింది ఆ భాష. మీరు నేర్పినది మీ అరగంటలోనే పాతుకుపోవాలి.

రెండో అడుగు: వాళ్ల చెవినీ మీ నాలుకనూ సరిచూసుకోండి

చెక్ పిల్లలు ఇంగ్లీషును ఎలా వింటారో తెలుసుకోవడానికి పుస్తకాలు అక్కర్లేదు, ఏదైనా కిరాణా కొట్టుకు వెళ్తే చాలు. ఇంగ్లీషు జామ్ వీళ్లకి "జెమ్". ఇంగ్లీషు స్వెటర్ వీళ్లకి "స్వెట్ర్". అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. మనం బ్యాట్, హ్యాట్ అని రాసే "యా" శబ్దం వాళ్లకి లేదు, అది "ఎ" అయిపోతుంది. గుండ్రంగా పెదాలు చుట్టే డబ్ల్యూ కూడా లేదు, పళ్లతో పెదవి నొక్కి పలికే "వ" ఒక్కటే ఉంది. మాట చివరి గ, బ, డ లు క, ప, ట లు అయిపోతాయి. డాగ్ కాస్తా "డాక్", బ్యాగ్ కాస్తా "బెక్".

ఇక్కడ మనం కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. డబ్ల్యూ, వీ తేడా మనకెక్కడుంది? మనకూ ఉన్నది ఒకటే "వ". నేను "విండో" అని చెప్తే పిల్లలు నా తప్పునే శ్రద్ధగా నేర్చుకున్నారు. ఇంట్లో అద్దం ముందు నిలబడి, వేడి చారు ఊదుతున్నట్టు పెదాలు సున్నా చుట్టి "ఊ... విండో, ఊ... వాటర్" అని సాధన చేశాకే క్లాసులో చెప్పాను. అదే ఆటైంది: అరచేతిలో కాగితం ముక్క పెట్టుకుని డబ్ల్యూ మాట అంటూ ఊదాలి, ముక్క ఎగరాలి. ఎగరకపోతే పలికింది వీ అన్నమాట.

మాట చివర మాత్రం మన అలవాటు కొంచెం పనికొస్తుంది. మనం "డాగు, బ్యాగు" అని చివర ఉకారం తగిలిస్తాం. ఆ ఉకారాన్ని సగంలో మింగేస్తే గకారం గకారంగానే మిగులుతుంది. వాళ్లకి అదే వినపడాలి.

ఐదేళ్ల పిల్లల దగ్గర ఉచ్చారణ గురించి ఎక్కువ పట్టుబట్టకండి. ఆ వయసులో చాలామంది ఇంకా తమ సొంత భాషలోని ర తో, దానికంటే కష్టమైన ర-జ కలిసిన ఒక వింత శబ్దంతో కుస్తీ పడుతుంటారు. అందుకోసం మాటలు సరిచేసే నిపుణురాలి దగ్గరకి, అంటే లోగోపెడ్కా దగ్గరకి, వెళ్లే పిల్లలు ప్రతి గదిలో ఉంటారు. అప్పటికే "నీ నాలుక ఇలా పెట్టు" అని విని విసిగిపోయిన పిల్లాడికి మీరు "థ్రీ" దగ్గర నాలుక పళ్ల మధ్య పెట్టమంటే వాడు ఆ రోజంతా నోరు విప్పడు. "ట్రీ" అన్నాడా, అననివ్వండి. మీరు మాత్రం సరిగ్గా అంటూ ఉండండి.

మొదటి వారమే తేల్చుకోవాల్సింది "యెస్, నో". తల అడ్డంగా ఊపుతూ, చెయ్యి అడ్డంగా ఊపుతూ, సాగదీసి "నోఊ" అనండి. చెక్ "నో" పొట్టిది, ఇంగ్లీషుది సాగుతుంది. రెండు నెలల దాకా పిల్ల తలని నమ్మండి, నోటిని నమ్మకండి.

మూడో అడుగు: థీమ్ వాళ్ల వారంలోంచి తియ్యండి

నేను చేసిన పెద్ద తప్పు, ఇంగ్లీషు పుస్తకాల వెంట పోవడం. లండన్ ఎర్ర బస్సు, శాంటా తాత, గుమ్మడికాయ దెయ్యం. పిల్లలు మర్యాదగా చూశారు, అంతే. తర్వాత థీమ్ కోసం బడి నోటీసు బోర్డు, కిటికీ బయట చెట్టు, పిల్లల జేబులు చూడటం మొదలుపెట్టాను. జేబుల్లో అక్టోబరు అంతా కష్టన్ గింజలే. పార్కుల్లో రాలే నిగనిగలాడే గోధుమరంగు గింజలవి. అగ్గిపుల్లలు గుచ్చి గుర్రాలూ ముళ్లపందులూ చేస్తారు. లెక్కపెట్టడానికి వాటికి మించిన సామాను లేదు. ఒక జాగ్రత్త: ఇక్కడ వేళ్లతో లెక్క బొటనవేలితో మొదలవుతుంది. మీరు చూపుడువేలు ఎత్తి "వన్" అంటే కొందరు పిల్లలు పైకప్పు కేసి చూస్తారు. బొటనవేలు ఎత్తండి. "టెన్" దగ్గర కూడా ఆగుతారు, చెక్‌లో "టెన్" అంటే "ఆ" ఫలానాది అని అర్థం.

శరదృతువులోనే ఇంకో నిధి పుట్టగొడుగులు. వారాంతం వస్తే కుటుంబాలు బుట్టలు పట్టుకుని అడవిలోకి వెళ్తాయి. ఎర్ర టోపీ మీద తెల్ల చుక్కలుండే ముఖొమూర్కా విషమని మూడేళ్ల పిల్లకి కూడా తెలుసు. రంగు కాగితాల పుట్టగొడుగులు కుర్చీల కింద, తివాచీ అంచుల్లో దాచండి. బుట్ట పట్టుకుని "ఫైండ్ ఎ బ్రౌన్ వన్" అనండి. ఎర్రది ఎవరైనా ముట్టుకోబోతే అందరూ కలిసి "నోఊ! డోంట్ టచ్!" అని అరవాలి. మొదటి రోజు నన్ను ముంచిన "నో"ని ఈ ఆటే దారిలో పెట్టింది. ఆ అరుపులో అర్థం తప్పడానికి వీల్లేదు.

గాలిపటాల వారంలో "కైట్" నేర్పబోతే కొందరు మంటలు కక్కే జంతువుని గీసిచ్చారు. చెక్‌లో గాలిపటానికీ డ్రాగన్‌కీ ఒకటే మాట, ద్రక్. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి "అప్, అప్, అప్" అంటూ ఒకటి ఎగరెయ్యండి, "రన్, రన్" అంటూ రెండోదాని నుంచి పారిపోనివ్వండి.

డిసెంబరు సంగతి వేరే చెప్పాలి. ఐదో తేదీ సాయంత్రం మికులాష్ అనే సాధువు వస్తాడు, పక్కన దేవదూత, వెనకాల గొలుసులు ఈడ్చుకుంటూ చెర్ట్ అనే దెయ్యం. చెడ్డ పిల్లల్ని గోనెసంచిలో వేసుకుపోతాడని బెదిరిస్తారు. ఆ వారం దెయ్యం ముసుగు మాత్రం తీసుకెళ్లకండి. సరదాగా ఉంటుందని నేను కాగితం కొమ్ములు పెట్టుకుంటే ముగ్గురు బల్ల కింద దూరారు. శాంటా కూడా వద్దు. ఇక్కడ కానుకలు తెచ్చేది యెజీషెక్, అంటే బాల యేసు. ఆయన ఎవరికీ కనపడడు. 24 సాయంత్రం గంట మోగుతుంది, తలుపు తీస్తే చెట్టు కింద కానుకలుంటాయి. ఎర్ర చొక్కా తాతని మీరు పట్టుకొస్తే "మరి యెజీషెక్?" అన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు మీ ఉద్యోగం కాదు. గంట తీసుకెళ్లండి. "క్లోజ్ యువర్ ఐస్... లిజన్... ఓపెన్!" గుడ్డ కింద ప్రతిసారీ ఒక కొత్త వస్తువు. ముప్పై సార్లు ఆడినా మళ్లీ అడుగుతారు.

క్రిస్మస్ ముందు వీధుల్లో పెద్ద నీళ్ల తొట్లు వెలుస్తాయి, నిండా బతికున్న కపర్ చేపలు. దక్షిణ బొహీమియా చెరువుల్లో శరదృతువులో నీళ్లు దించి పట్టిన చేపలవి. (చెరువు పట్టుబడి ఎలా ఉంటుందో భీమవరం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.) కొన్ని ఇళ్లలో పండగ దాకా స్నానాల తొట్టిలో ఈదనిస్తారు, పిల్లలు పేరు పెట్టేస్తారు, తర్వాత దాన్ని తినడానికి ఎవరికీ మనసొప్పదు. క్లాసులో నీలం దుప్పటి పరిచి చుట్టూ అంచులు పట్టుకోమనండి. ఒకరు కింద దూరి చేప. "స్విమ్, ఫిష్, స్విమ్! ఫాస్ట్! స్లో! స్టాప్!" దుప్పటి అలలు అలలుగా లేస్తుంది. నా దగ్గరున్న ఆటలన్నిటిలో ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను.

నాలుగో అడుగు: ఒక పాఠాన్ని దగ్గర్నుంచి చూద్దాం

చలి బట్టల పాఠం తీసుకుందాం. సంచిలో ఐదే వస్తువులు: టోపీ, మఫ్లరు, చేతి గ్లవ్స్, జాకెట్, బూట్లు. అన్నీ పెద్దవాళ్ల సైజువి, ఎందుకో మీకే అర్థమవుతుంది. వీటితో పాటు రెండు క్రియలు, "పుట్ ఆన్", "టేక్ ఆఫ్". అంతకు మించి వద్దు.

మొదటి మూడు నిమిషాలు ప్రతివారం ఒకేలా ఉండాలి. అదే హలో పాట, అదే తివాచీ, అదే బొమ్మ. ఈ దేశంలో బొమ్మలాటకు ఎంత మర్యాద ఉందంటే 2016లో యునెస్కో కూడా గుర్తించింది. చేతికి తొడుక్కునే బొమ్మ ఒకటి కొనండి. దానికి చెక్ రాదు, ఎప్పటికీ రాదు. మీకు చెక్ వచ్చినా ఆ బొమ్మ ఉన్నంతసేపూ ఇంగ్లీషే. నాకు చెక్ వచ్చని పిల్లలకు తెలుసు, అయినా బొమ్మకి రాదు కాబట్టి దానికి అర్థం కావాలని ఇంగ్లీషులో చెప్తారు. దెబ్బ తగిలినా, బాత్రూమ్‌కి వెళ్లాలన్నా బొమ్మ పక్కన పెట్టి చెక్‌లోనే మాట్లాడండి. అక్కడ భాషాదీక్షలు పనికిరావు.

ఇప్పుడు బొమ్మ గజగజ వణుకుతుంది. "ఐ యామ్ కోల్డ్!" సంచిలోంచి గ్లవ్ తీసి నెత్తిన పెట్టుకుంటుంది. "ఈజ్ ఇట్ ఎ హ్యాట్?" పిల్లలు "నోఊ!" బూటు తీసి చెవికి పెట్టుకుంటుంది. మళ్లీ "నోఊ!" ఈ తప్పుల ఆట ఐదారు నిమిషాలు సాగించండి. మీరు ఒక్క మాటకీ అర్థం చెప్పలేదని గమనించండి. చెక్ మాట చెప్పి ఇంగ్లీషు మాట చెప్తే పిల్ల మొదటిది విని రెండోదానికి చెవి మూసేస్తుంది.

తర్వాత అధికారం వాళ్లకివ్వండి. మీరు మధ్యలో నిలబడండి, వాళ్లు చెప్పాలి: "పుట్ ఆన్... హెట్!" హ్యాట్ అనేగా అన్నది, పెట్టుకోండి. "పుట్ ఆన్ బూట్స్!" అంటే బూట్లు చేతులకి తొడగండి. సరిచెయ్యడానికి వాళ్లు పడే తాపత్రయం చూడాలి. చేతలతో భాష నేర్పడం అమెరికన్ సైకాలజిస్టు జేమ్స్ యాషర్ 1960లలో ఒక పద్ధతిగా నిలబెట్టాడు. ఆయన పద్ధతిలో పిల్లలు ముందు విని చేస్తారు, మాట తర్వాత దానంతట అదే వస్తుంది. కాబట్టి నోరు విప్పని పిల్లని చూసి టెన్షన్ పడకండి. మా క్లాసులో ఒకడు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక్క మాట అనలేదు, చెప్పిందల్లా చేశాడు. వాడికి పాఠం అందుతోందనడానికి అంతకంటే ఏం కావాలి?

ఆ పెద్ద సైజు బట్టలు ఇప్పుడు పిల్లలకి. ఇద్దరేసి చొప్పున వేసుకుని గోడ దాకా నడిచి రావడం. ఎవరు గెలిచారో లెక్కపెట్టకండి. ఓడిన నాలుగేళ్ల పిల్లకి ఆ రోజు గుర్తుండేది ఓటమే. చివర్లో కిటికీ దగ్గర గుమిగూడి "ఈజ్ ఇట్ కోల్డ్?" అని బయటికి చూడటం, గుడ్‌బై పాట. ముప్పై నిమిషాలు.

కానీ అసలు పాఠం ఇంకా మొదలవలేదు. ఇక్కడ వాన పడినా మంచు కురిసినా పిల్లల్ని బయటికి తీసుకెళ్తారు, రోజూ. మీ క్లాసు సరిగ్గా దానికి ముందు పెట్టించుకుని, అయిపోయాక వాళ్లతోపాటు బట్టలు మార్చుకునే గదికి వెళ్లండి. చిన్న బెంచీలు, ఒక్కో కొక్కానికి ఒక్కో బొమ్మ గుర్తు, కింద బూట్ల చెరువు. ముందు దూదిపెట్టి కుట్టిన ప్యాంటు, తర్వాత బూట్లు, ఆ తర్వాత జాకెట్, టోపీ, అన్నిటికంటే చివర గ్లవ్స్. ముందే గ్లవ్స్ వేసుకున్న తెలివైనవాడు జిప్పు లాగలేక మీ దగ్గరకొచ్చి గడ్డం ఎత్తి నిలబడతాడు. అప్పుడు మీరు తొందరపడకుండా "జిప్?" అనండి. "జిప్" అంటాడు. "జిప్, ప్లీజ్?" "జిప్, ప్లీస్." లాగండి. పావుగంటలో ఇరవై సార్లు, ప్రతిసారీ నిజంగా అవసరమై అడిగిన మాట. తివాచీ మీద ఇంత దొరకదు.

ఐదో అడుగు: చేతిలో ఉంచుకోవాల్సిన రెండు ఆటలు

తయారై వెళ్లిన పాఠం బెడిసికొట్టిన రోజున సంచిలో ఏమీ లేకుండా ఆడగలిగినవి ఉండాలి.

ఒకటి రోబో ఆట. ఆ మాట పుట్టింది చెక్‌లోనే. కరెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం నుంచి లోకానికి పాకింది, సూచించింది ఆయన అన్న యోసెఫ్. వెట్టిచాకిరీ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషులో, చెక్‌లో, తెలుగులో ఒకటే కాబట్టి వివరించే పనే లేదు. ముక్కు నొక్కితే రోబో నడుస్తుంది, చెవి లాగితే ఆగుతుంది. "వాక్! స్టాప్! టర్న్! జంప్!"

రెండోది జంతువుల అరుపులు. ఇక్కడ కుక్క "హఫ్ హఫ్" అంటుంది, కోడి "కికిరికీ", ఆవు "బూ". ఇంగ్లీషు కుక్క "వూఫ్", ఆవు "మూ". మా ఊరి ఆవు "అంబా" అంటుందని చెప్పి చూడండి, దొర్లి దొర్లి నవ్వుతారు. ఆ తర్వాత మన కొక్కొరొకో కూడా అడిగి మరీ చెప్పించుకుంటారు. అరుపులతో అక్షరాలు మొదలుపెట్టడం నా తెలివేం కాదు. బృనో ఉన్న ఈ మొరావియా ప్రాంతంలో 1592లో పుట్టిన కొమెన్‌స్కీ అనే విద్యావేత్త 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చయిన తన బొమ్మల పాఠ్యపుస్తకంలో మొదటి అక్షరాన్ని కాకి చేత "ఆ ఆ" అనిపించాడు, గొర్రె చేత "బే" అనిపించాడు. ఆయన పుట్టినరోజు మార్చి 28 ఇక్కడ టీచర్ల దినోత్సవం, రెండొందల కొరునాల నోటు మీద బొమ్మ కూడా ఆయనదే.

చివరి అడుగు: ఇంటికి ఏం పంపాలి

తల్లిదండ్రులు అడిగేది ఎన్ని మాటలొచ్చాయని. ఏడాది చివర వాళ్ల ముందు పిల్లలు చిన్న ప్రదర్శన కూడా ఇస్తారు. దానికోసం నెల ముందు నుంచి పద్యం బట్టీ పట్టించకండి. నీలం దుప్పటి తీసుకెళ్లి అమ్మానాన్నల చేత అంచులు పట్టించండి, పిల్లలే "స్విమ్! స్టాప్!" అని ఆజ్ఞలిస్తారు.

వారం వారం ఇంటికి ఒక చీటీ పంపండి, అందులో బొమ్మలే ఉండాలి, అక్షరాలు వద్దు. నేను మొదట్లో ఇంగ్లీషు మాటలు రాసి పంపాను. చెక్‌లో రాసిందాన్ని రాసినట్టే చదువుతారు, మన తెలుగులాగే. ఇంట్లో పెద్దవాళ్లు టోపీని "హట్" అని చదివి పిల్లల్ని దిద్దారు. బొమ్మ అయితే పిల్లే పెద్దవాళ్లకి చెప్తుంది.

మొన్న జనవరిలో బట్టలు మార్చుకునే గదిలో ఒక అమ్మమ్మ ఆ చీటీ పట్టుకుని టోపీ బొమ్మ చూపించి మనవరాలిని ఇదేంటని అడుగుతోంది. ఆ మొదటి రోజు బంతి పాపే. "హెట్" అంది. "చెపిట్సె కదా?" అంది అమ్మమ్మ చెక్‌లో. పాప జిప్పు లాక్కుంటూ "నో" అంది. తలేమైనా ఊపుతుందేమోనని చూశాను, జాకెట్ కాలరులో గడ్డం దాకా కూరుకుపోయి ఉంది. అది ఏ "నో"నో నాకు ఇప్పటికీ తెలీదు.